కదలని దుప్పి



పల్నాడు అనగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారెంపూడి యుద్ధం. అవునా? పెద్దవాళ్ళను అడిగితే నాపరాళ్ళు, మిరపకాయలు, రెంటచింతల ఎండ అంటారు. వేసవిలో వార్తలు వినే ప్రతివారికీ రెంటచింతల పేరు తెలుసు. కాని పల్నాటికి పడమటి దిక్కున ఇంకొక ముఖం ఉంది. అది నల్లమల అడవి ముఖం. ఆ అడవిలో దుప్పులున్నాయి. ఈ నెల మీకు ఆ దుప్పుల ముచ్చట చెబుతాను. అందులోనూ చెంగుచెంగున పరుగెత్తే దుప్పి సంగతి కాదు. కదలకుండా ఉన్న దుప్పి సంగతి.

ముందు దారి తెలుసుకుందాం. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. దాని ముఖ్యపట్టణం నరసరావుపేట. అక్కడ బస్సు ఎక్కి పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా వెళితే మాచర్ల చేరతాం. దారి పొడవునా మిరప చేలు, పత్తి చేలు, సున్నపురాతి గనులు, నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన గోడలు. మాచర్ల పక్కనే చంద్రవంక ఏరు. ఈ ఏరే మరి కొంత దూరం పోయి, ఎత్తిపోతల దగ్గర దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆ తరువాత కృష్ణలో కలుస్తుంది. అక్కడికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగరం ఉంది.

మాచర్ల దాటిన తరువాత భూమి రంగు మారుతుంది. చేలు పలచబడతాయి. చండ్ర, తుమికి, యేపి, బిల్లుడు చెట్లు, రేగు పొదలు మొదలవుతాయి. ఎండాకాలంలో ఈ చెట్లు చాలా వరకు ఆకులు రాల్చి మోడులై నిలుస్తాయి. తొలకరి పడగానే పదిహేను రోజులలో పచ్చబడతాయి. ఈ కొండలూ అడవులూ కలిసి నల్లమలలో భాగం. 1978లో ఇక్కడి అడవిని వన్యమృగ సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 1983లో ఇది పులుల సంరక్షణ పథకంలో చేరింది. పులి ఉండాలంటే దానికి తిండి ఉండాలి కదా! ఆ తిండిలో ముఖ్యమైనవి దుప్పులు.

మన అడవిలో ఎక్కువగా కనిపించేది చుక్కల దుప్పి. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, దాని మీద తెల్లని చుక్కలు. ఈ చుక్కలు పుట్టిన నాటి నుంచి చచ్చేదాకా ఉంటాయి. మగదానికి కొమ్ములుంటాయి. అవి ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. దీనికంటె చాలా పెద్దది కణితి. దానినే సాంబారు జింక అని కూడా అంటారు. అది నల్లగోధుమ రంగులో ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ వారి రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి. మీకొక విశేషం చెప్పనా? కృష్ణజింక పేరుకు జింకే గాని, దుప్పికి దగ్గర చుట్టం కాదు. దాని కొమ్ములు ఏటా రాలవు. అది ఆవు, మేక, గొర్రెల కుటుంబానికి చెందినది.

ఇక అసలు సంగతికి వద్దాం. పరుగే ప్రాణంగా బతికే దుప్పి ఎప్పుడు కదలకుండా ఉంటుంది?

ఒకటి, వింటున్నప్పుడు. అడవిలో ఎండుటాకు చప్పుడైతే చాలు, మేస్తున్న దుప్పి తల ఎత్తుతుంది. ముందుకాలు ఒకటి గాలిలోనే ఆపేస్తుంది. చెవులు రెండూ చప్పుడు వచ్చిన వైపు తిరుగుతాయి. తోక నిక్కుతుంది. అలా బొమ్మలాగ నిలబడిపోతుంది. తాను కదిలితే తన అడుగుల చప్పుడే తనకు అడ్డం. అందుకని ఆగి వింటుందన్నమాట. అపాయం నిజమని తోస్తే కాలు నేలకేసి కొడుతుంది, గట్టిగా కూత పెడుతుంది. దాంతో మంద అంతా లేస్తుంది. దీనికి పైనుంచి సాయపడేవాడు ఒకడున్నాడు. వాడే కొండముచ్చు. చెట్టు చివర కూర్చుని వాడు దూరం నుంచే చిరుతపులిని చూసి అరుస్తాడు. వాడి అరుపు దుప్పికి అర్థమవుతుంది, దుప్పి కూత వాడికి అర్థమవుతుంది. పైగా వాడు తింటూ కింద పారేసే ఆకులూ కాయలూ దుప్పులకు విందు!

రెండు, నెమరు వేస్తున్నప్పుడు. ఆవు కడుపులాగే దుప్పి కడుపులో కూడా నాలుగు అరలుంటాయి. పొద్దున్నే గబగబా మేసి, ఎండవేళ నీడన పడుకుని తీరికగా నెమరు వేస్తుంది. రెంటచింతల ఎండలో పరుగులెత్తడానికి అదేమన్నా తెలివితక్కువదా?

మూడు, చిన్నప్పుడు. దీన్ని గురించే మీకు కొంచెం వివరంగా చెప్పాలి.

భాద్రపద మాసంలో ఒక సాయంత్రం నేను నా మనవణ్ణి, మనవరాలిని వెంటబెట్టుకుని ఎత్తిపోతల చూసి తిరిగి వస్తున్నాను. మనవడు తొమ్మిదో తరగతి, మనవరాలు అయిదో తరగతి. బస్సుకు ఇంకా చాలా సేపుంది. రోడ్డు పక్కన ఒక కంది చేను, దాని గట్టు అవతల గడ్డి, ఆ వెనుక అడవి. గట్టు మీద నడుస్తున్న మనవరాలు ఉన్నట్టుండి నిలబడిపోయింది.

"తాతయ్యా! దుప్పి పిల్ల! చచ్చిపోయింది!" అంది ఏడుపు గొంతుతో.

మాకు పది పన్నెండు అడుగుల దూరంలో, రేగుపొద మొదట్లో, ఒక దుప్పికూన ముడుచుకుని పడుకుని ఉంది. తల నేలకు ఆనించింది. చెవులు వెనక్కు వాల్చింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. గాలికి ఊగే గడ్డిపరక ఒకటి దాని ముక్కుకు తగులుతున్నా అది తల కదల్చలేదు. ఎండ ఆకుల సందుల నుంచి పడి నేల మీద మచ్చలు మచ్చలుగా ఉంది. దాని ఒంటి మీద చుక్కలు ఆ మచ్చల్లో కలిసిపోయాయి. ఒక్క క్షణం చూపు తిప్పుకుని మళ్ళీ చూస్తే అది ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

"చావలేదు. పక్కటెముకల దగ్గర చూడు" అన్నాను మెల్లగా.

సన్నగా, చాలా సన్నగా ఊపిరి కదులుతోంది.

"అయితే జబ్బు చేసింది. వాళ్ళమ్మ వదిలేసింది. మన సీసాలో నీళ్ళున్నాయి, తాగిద్దాం తాతయ్యా" అంటూ మనవరాలు ముందుకు అడుగు వేయబోయింది. మనవడు, "కుక్కలు తినేస్తాయి, ఇంటికి తీసుకుపోదాం" అన్నాడు. వాడు చెప్పింది వట్టి మాట కాదు. కొంచెం దూరంలో మేకల మంద ఉంది, మందతో పాటు కుక్క ఉంది.

నేను ఇద్దరి చేతులూ పట్టుకుని ఆపాను. ఇంతలో మేకల కాపరి మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చాడు. నడివయసు మనిషి. పొద వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

"మేస్టారూ, దాని జోలికి పోమాకండి. తల్లి ఇక్కడే ఎక్కడో ఉంటది. మనం నిలబడ్డంతసేపూ అది రాదు" అన్నాడు.

అని, కుక్క మెడకు తాడు వేసి పట్టుకున్నాడు. మందను ఇంకొక వైపు మళ్ళించాడు. మేము వచ్చిన దారినే వెనక్కు నడిచి, చేను అవతలి గట్టు చాటున, బాగా దూరంగా కూర్చున్నాం. గాలి అడవి వైపు నుంచి మా వైపు వీస్తోంది. అది మంచిదయింది. లేకపోతే మా వాసన తల్లికి తెలిసిపోయేది.

పావుగంట అయింది. అరగంట అయింది. పొద్దు కొండ మీదికి వాలుతోంది. మనవరాలు నా చెవిలో, "రాకపోతే?" అని అడిగింది. "రాకపోతే అటవీ శాఖ వాళ్ళకు కబురు చేద్దాం. మనం మాత్రం ముట్టుకోం" అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, ఆ పొదనే చూస్తూ కూర్చుంది.

దాదాపు గంట గడిచాక అడవి అంచున ఒక తల కనిపించింది. ఆడ దుప్పి. రెండడుగులు వేసి ఆగింది. చెవులు తిప్పింది. ముందుకాలు ఎత్తి నేల మీద కొట్టింది. మళ్ళీ నాలుగడుగులు వేసింది. పొద దగ్గరకు వచ్చి నిలబడేసరికి, అంతసేపూ రాయిలాగ పడి ఉన్న ఆ కూన చటుక్కున లేచి నిలబడింది! లేచీ లేవగానే తల్లి పొదుగులో మూతి పెట్టి కుమ్మడం మొదలుపెట్టింది. దాని చిన్న తోక గబగబా ఆడుతోంది. తల్లి దాని వీపు నాకింది. తరువాత రెండూ గడ్డిలో నుంచి అడవిలోకి వెళ్ళిపోయాయి.

"జబ్బేమీ లేదు!" అంది మనవరాలు.

ఔను, జబ్బేమీ లేదు. దానికి ఒక విద్య వచ్చు, ఆ విద్యను అది ప్రదర్శించింది. దుప్పి సుమారు ఎనిమిది నెలలు మోసి, సాధారణంగా ఒక్క కూననే కంటుంది. పుట్టిన కొత్తలో ఆ కూన నిలబడగలదు గాని, పులితోనో రేచుకుక్కలతోనో పందెం వేసి పరుగెత్తలేదు. కనుక తల్లి దాన్ని పొదలోనో గడ్డిలోనో పడుకోబెట్టి తాను దూరంగా వెళ్ళి మేస్తుంది. నాకి నాకి శుభ్రం చేయడం వల్ల కూన ఒంటి వాసన చాలా తక్కువ. తల్లి పెద్దది, దాని వాసన ఎక్కువ. తల్లి పక్కనే ఉంటే పులికి దారి చూపించినట్టే అవుతుంది. కాబట్టి తల్లి దూరంగా ఉండటం నిర్దయ కాదు, కాపలా. పాలివ్వవలసిన వేళకు అది వస్తుంది.

కూన కదలకపోవడంలో ఇంకా ఒక చిత్రం ఉంది. మనకు భయం వేస్తే గుండె దడదడ కొట్టుకుంటుంది కదా? అమెరికాలో తెల్లతోక జింక అనే జాతి ఉంది. శాస్త్రజ్ఞులు దాని పిల్లలను పరిశీలించారు. భయపెట్టే చప్పుడు వినగానే ఆ పిల్లల గుండె వేగం పెరగడానికి బదులు బాగా తగ్గిపోయింది! ఊపిరి కూడా నెమ్మదించింది. గుండె నెమ్మదించి, ఊపిరి నెమ్మదించి, కదలిక లేకపోతే, పక్క నుంచి పోయే వేటమృగానికి ఆనవాలేదీ? అంటే అటువంటి పిల్ల మన ఎదుట కదలకుండా పడి ఉందంటే, అది మనల్ని చూసి భయపడుతోందన్నమాట. మనం దగ్గరకు వెళ్ళి ముద్దు చేస్తే ఆ భయం పోదు, పెరుగుతుంది.

మన కంటికి పులి నారింజ రంగులో మెరిసిపోతూ ఉంటుంది గదా, దుప్పికి ఎందుకు కనిపించదు అని మీరు అడగవచ్చు. దుప్పుల కంటికి ఎరుపు, నారింజ రంగులు మనలాగ తెలియవు. వాటికి పులి ఇంచుమించు ఆకుల రంగులోనే కనిపిస్తుంది. కాని కదలికను పట్టడంలో వాటి కన్ను దిట్ట. అందుకే అడవిలో దాక్కునేవారికి, వేటాడేవారికి, ఇద్దరికీ మొదటి పాఠం ఒకటే: కదలకుండా ఉండటం.

మరి కదలని దుప్పులన్నీ క్షేమంగా ఉన్నట్టేనా? కాదు. ఇప్పుడు చెప్పబోయేది సంతోషకరమైన కథ కాదు గాని, మీరు తెలుసుకోవాలి.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులలో, అడవి పక్కన ఒక ఊళ్ళో, మే నెలలో ఇది జరిగింది. నీళ్ళ కోసం వచ్చిన మగ దుప్పి ఒకటి కుక్కల కంటబడింది. కుక్కలు తరుముకొచ్చాయి. అది ఊళ్ళోకి వచ్చి ఒక గొడ్ల చావడిలో దూరింది. ఊరివారు మంచివారు. కుక్కలను తరిమేశారు. కాని ఆ తరువాత ఊరంతా చావడి చుట్టూ చేరింది. దుప్పి ఒక మూల కదలకుండా నిలబడి ఉంది. "సాధువైపోయింది" అన్నారు ఒకరు. నలుగురు పట్టుకుని కాళ్ళు కట్టారు. ఒకరు నోట్లో నీళ్ళు పోశారు. పిల్లలు తాకి చూశారు. దాని ఒంటి మీద పెద్ద గాయమంటూ ఏదీ లేదు. అయినా అటవీ శాఖ వారు వచ్చేలోగా అది చచ్చిపోయింది. ఆ రాత్రి ఊళ్ళో చాలా మంది అన్నం సరిగా తినలేదు.

ఎందుకు చచ్చిపోయింది? దుప్పి వంటి మృగాలు ప్రాణభయంతో మితిమీరి పరుగెత్తినా, పట్టుకుంటే తప్పించుకోబోయి పెనుగులాడినా, వాటి కండరాలు లోపలే దెబ్బ తింటాయి. ఒళ్ళు విపరీతంగా వేడెక్కుతుంది. చెడిన కండరాల నుంచి వెలువడే పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను, గుండెను పాడు చేస్తాయి. కొన్ని అప్పటికప్పుడే చస్తాయి. కొన్ని లేచి అడవిలోకి పోయి, కొన్ని గంటలకో, కొన్ని రోజులకో చస్తాయి. పశువైద్యులకు ఇది బాగా తెలిసిన సంగతి. ఆ చావడిలో దుప్పికి కుక్కలు పెట్టిన భయం సగం, దయ గలవాళ్ళు పెట్టిన భయం సగం. తలుపు దగ్గరగా వేసి, చీకటి చేసి, అందరూ ఊరుకుంటే అది బతికి ఉండేదేమో.

కాబట్టి, పిల్లలూ, కదలని దుప్పి కనిపిస్తే మొదట దూరం నుంచే గమనించండి. గాయం, నెత్తురు, వేలాడే కాలు కనిపిస్తున్నాయా? కూన అయితే ముడుచుకుని పడుకోకుండా అటూ ఇటూ తిరుగుతూ అదే పనిగా అరుస్తోందా? దగ్గరలో తల్లి చచ్చి పడి ఉందా? పెద్ద దుప్పి అయితే మనుషులు దగ్గరకు వచ్చినా పారిపోకుండా తల వాల్చి నిలబడిందా? నోటి నుంచి చొంగ కారుతోందా? ఒక పక్కకు పూర్తిగా ఒరిగి పడి ఉందా? కాలువలో పడి, సిమెంటు గట్టు ఎక్కలేక జారిపోతోందా? ఇవి ఆపద గుర్తులు. ఇటువంటప్పుడు పెద్దవాళ్ళకు చెప్పాలి. వాళ్ళు అటవీ శాఖ వారికి కబురు చేస్తారు. మాచర్లలో ఆ శాఖ కార్యాలయం ఉంది. కబురు చేసేటప్పుడు చోటు సరిగ్గా చెప్పాలి: ఏ రోడ్డు, ఏ మైలురాయి, ఏ చేను. వాళ్ళు వచ్చేవరకు కుక్కలను, జనాన్ని దూరంగా ఉంచడమే మనం చేయదగిన సాయం. అది చిన్న సాయమని అనుకోకండి.

చేయకూడనివి కూడా వినండి. నోట్లో నీళ్ళు పోయకూడదు. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. కూనకు ఆవుపాలు పట్టకూడదు. అవి దానికి సరిపడక విరేచనాలు పట్టుకుంటాయి. ఇంటికి తీసుకురాకూడదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని పట్టుకోవడం, పెంచుకోవడం నేరం.

తలిదండ్రులకు కూడా ఒక మాట. అడవి అంచున పశువులున్నవారు వాటికి గాలికుంటు టీకాలు తప్పక వేయించండి. గిట్టలు చీలిన జంతువులన్నిటికీ ఆ జబ్బు సోకుతుంది. దుప్పి గిట్టలూ చీలినవే. మీ ఎద్దుకు వేసిన టీకా దుప్పికి కూడా మేలు చేస్తుంది. పిల్లలు దుప్పికూనను చూశామని పరుగెత్తుకొస్తే, చూడటానికి గుంపుగా బయలుదేరకండి.

పల్నాటికి వస్తే ఇంకొక చోట కూడా కదలని జింకలను చూడవచ్చు. విజయపురి సౌత్ దగ్గర లాంచి ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళండి. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. ఆనకట్ట కట్టేటప్పుడు లోయ మునిగిపోతుందని, అక్కడి శిల్పాలను తవ్వి తీసి కొండ మీద భద్రపరిచారు. ఆ కొండే ఇప్పుడు నీటి నడుమ ద్వీపం. బుద్ధుడు మొదటిసారి ధర్మం బోధించింది సారనాథ్‌లో, జింకలు తిరిగే వనంలో. అందుచేత ఆ ఘట్టాన్ని చెక్కిన శిల్పాలలో ఆసనం ముందు జింకలు కనిపిస్తాయి. పల్నాటి సున్నపురాయిలో చెక్కిన ఆ జింకలు తల ఎత్తి, చెవులు నిక్కించి, ఏదో వింటున్నట్టే ఉంటాయి. ఆ శిల్పి నిజం జింకలను దగ్గరకు పోకుండా, ఓపికగా, చాలాసేపు చూసి ఉంటాడని నాకు అనిపిస్తుంది.

మ్యూజియంలో శిల్పాలను ఎవరూ ముట్టుకోనివ్వరు. ముట్టుకుంటే అరిగిపోతాయి. అడవిలో దుప్పి పక్కన అలా ఆపేవారెవరూ ఉండరు. అక్కడ మనల్ని మనమే ఆపుకోవాలి.